అణు వ్యర్థాలు - పుట్టబోయేవారి హక్కు

నీతిని గురించి జరిగిన చర్చలన్నిటిలోనూ ఇద్దరు మనుషులు కనిపిస్తారు. అప్పిచ్చినవాడూ, పుచ్చుకున్నవాడూ, కామందూ, పాలేరూ, పాలకుడూ, పాలితుడూ. ఎవరిని తీసుకున్నా ఇద్దరూ ఒకే కాలంలో బతుకుతున్నవాళ్లు. అన్యాయం జరిగినప్పుడు రెండోవాడు అడగగలడు. అడిగే ధైర్యం లేకపోతే చాటున తిట్టుకోగలడు. రోజు వస్తే తిరగబడగలడు. చరిత్రలో నీతిసూత్రాలు మారింది కూడా ఇలా తిరగబడినవాళ్ల వల్లనే. కాని ఒకడు చేసిన పని ఫలితాన్ని పదివేల సంవత్సరాల తర్వాత పుట్టేవాడు అనుభవించవలసివస్తే ఏమవుతుంది? వాడు అడగలేడు, తిట్టలేడు, తిరగబడలేడు. వాడికి వోటు లేదు, యూనియన్ లేదు, కోర్టు లేదు. అటువంటివాడి పట్ల మనకు బాధ్యత వున్నదా? వుంటే, దాన్ని మనం నెరవేర్చామో లేదో తేల్చేదెవరు?

ఇది తీరుబడిగా కూర్చున్న వేదాంతులు కల్పించుకున్న చిక్కుప్రశ్న కాదు. 1954లో మొదటి అణువిద్యుత్కేంద్రం పనిచెయ్యడం ప్రారంభించిన నాటినుంచి ప్రపంచంలోని రియాక్టర్లలో వాడి బయటికి తీసిన ఇంధనం సుమారు 4 లక్షల టన్నులు. అందులో దాదాపు మూడోవంతును పునఃశుద్ధి చేశారు. మిగిలినది నీటి తొట్లలోనూ, ఉక్కూ కాంక్రీటుతో చేసిన పేటికలలోనూ పడివున్నది. ఇది గాక అణ్వాయుధాల తయారీలో మిగిలిన ద్రవాలున్నాయి. యురేనియం గనుల దగ్గర చెరువులుగా పేరుకుపోయిన బురద వున్నది. అణువిద్యుత్తు కావాలనేవాళ్లూ, వద్దనేవాళ్లూ అభ్యుదయవాదుల్లోనే వున్నారు. బొగ్గుపొగ వల్ల భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో ఆ వాదం మరింత తీవ్రమయింది. అది ఎటు తేలినా ఈ చెత్త మాత్రం పోదు. రేపు పొద్దున్నే రియాక్టర్లన్నీ ఆపేసినా దీన్ని ఏంచెయ్యాలన్న ప్రశ్న అలాగే నిలిచివుంటుంది.

దీని ఆయుర్దాయం ఎంత? రేడియోధార్మిక పదార్థం ఎంత వున్నదో అందులో సగం నశించడానికి పట్టే కాలాన్ని అర్ధాయువంటారు. సీజియం-137, స్ట్రాన్షియం-90 అనేవాటి అర్ధాయువు ముప్పై సంవత్సరాల దరిదాపు. కొన్ని వందల ఏళ్లు కాపాడగలిగితే వాటి పీడ చాలావరకు విరగడవుతుంది. ప్లుటోనియం-239 అర్ధాయువు 24,100 సంవత్సరాలు. అది వెయ్యోవంతుకు తగ్గడానికి రెండున్నర లక్షల సంవత్సరాల దరిదాపు పడుతుంది. అయోడిన్-129 అర్ధాయువు కోటిన్నర సంవత్సరాల పైచిలుకు.

ఈ అంకెలు చదివినప్పుడు మనస్సు మొద్దుబారిపోతుంది. కాబట్టి మనకు తెలిసిన కొలత ఒకటి తీసుకుందాం. దొరికినంతలో పూర్తిగా తెలుగులో వున్న మొట్టమొదటి శాసనం కడప జిల్లా కలమళ్లలోనిది. రేనాటి చోడరాజు ఎరికల్ ముత్తురాజు కాలంలో, క్రీస్తుశకం 575 ప్రాంతంలో, దాన్ని వేయించారు. అంటే దాని వయస్సు పధ్నాలుగున్నర శతాబ్దాలు. దాన్ని మనలో ఎంతమంది చదవగలరు? తెలుగు ఎమ్మే చదివినవాడికి కూడా పండితుడు విడదీసి చెబితే తప్ప ఒక్క ముక్క బోధపడదు. ఆ శాసనం చెక్కిన నాడు ఎవరో అక్కడ ప్లుటోనియం పాతిపెట్టి వుంటే, ఈపాటికి అందులో నూటికి నాలుగు పాళ్లు మాత్రమే తగ్గివుండేది. భాష మారిపోయింది, లిపి మారిపోయింది, రాజ్యాలు పోయినాయి. విషం మాత్రం నూటికి తొంభై ఆరు పాళ్లు అలాగే వుండేది.

ఈ సమస్యను సాధారణంగా ఇంజనీర్ల సమస్యగా మన ముందు పెడతారు. ఏ రాయి మంచిది, ఏ లోహం తుప్పు పట్టదు, ఎంత లోతు తవ్వాలి అన్నవే ప్రశ్నలంటారు. అవి ముఖ్యమైన ప్రశ్నలే. వాటిని ఎగతాళి చేసేవాడు విజ్ఞానశాస్త్రానికి శత్రువు. అయితే వ్యర్థాలను వదిలించుకునే ప్రతి పద్ధతిలోనూ మరి మూడు ప్రశ్నలకు సమాధానం దాగివుంటుంది. ప్రమాదాన్ని మోసేదెవరు? సంగతి తెలిసేదెవరికి? నిర్ణయించేదెవరు? ఈ మూడు ప్రశ్నలను పక్కన పెట్టి పద్ధతులను తూచబోతే త్రాసు ఒక పక్కకే మొగ్గుతుంది.

అన్నిటికంటె పాత పద్ధతి విసిరెయ్యడం. 1946 నుంచి పదికి పైగా దేశాలు రేడియోధార్మిక వ్యర్థాలను పీపాల్లో నింపి సముద్రంలో పారేశాయి. సముద్రం పెద్దది, విషం అందులో కలిసి పలచబడుతుంది అన్నది సిద్ధాంతం. లండన్‌లో 1972లో కుదిరిన ఒడంబడిక అధిక తీవ్రత గల వ్యర్థాలను సముద్రంలో వెయ్యరాదన్నది. 1993లో తక్కినవాటిని కూడా నిషేధించారు. అదే ఏడాది సోవియట్ యూనియన్ తన ఉత్తర సముద్రాల్లో దశాబ్దాలపాటు ఏమేమి ముంచిందో బయటపడింది. ఇక్కడ ఒక తమాషా వున్నది. ఆ ఒడంబడిక ఓడ మీదినుంచి విసరడాన్ని గురించినది. గట్టున గొట్టం పెట్టి వదలడం దాని పరిధిలోకి రాదు. బ్రిటన్‌లో సెల్లాఫీల్డ్ నుంచి ఐరిష్ సముద్రంలోకి దశాబ్దాలపాటు జరిగింది అదే. ఈ పద్ధతిలో ప్రమాదాన్ని మోసేది అందరూ, తెలిసేది కొందరికి, నిర్ణయించేది ఒకరిద్దరు. నీతి దృష్టితో చూస్తే దీన్ని గురించి ఇంతకంటె చెప్పవలసింది లేదు.

రాకెట్లలో పెట్టి సూర్యుడి వైపు పంపుదామనీ, దక్షిణధ్రువపు మంచులో కరిగి దిగిపోనిద్దామనీ కూడా ఆలోచించినవాళ్లున్నారు. రాకెట్టు పేలితే ఆ చెత్త మళ్లీ మన నెత్తినే పడుతుంది. దక్షిణధ్రువ ఖండంలో రేడియోధార్మిక వ్యర్థాలు వెయ్యడాన్ని 1959 నాటి సంధి నిషేధించింది. ఈ ఆలోచనల్లో సమస్యను పరిష్కరించాలన్న కోరిక కంటె కళ్లముందు నుంచి తప్పించాలన్న ఆత్రం ఎక్కువ.

గట్టిగా ఆలోచించవలసిన పద్ధతులు మూడు: భూమి పైన వుంచి కాపలా కాయడం, రసాయన, అణు ప్రక్రియలతో దాని స్వభావాన్ని మార్చడం, భూమి లోతుల్లో పాతిపెట్టడం. ఫ్రాన్స్ 1991లో చేసిన చట్టం సరిగ్గా ఈ మూడింటినీ పదిహేనేళ్లపాటు పక్కపక్కన పరిశోధించాలని ఆదేశించింది. ఆ పని ఎలా నడిచిందన్నది వేరే సంగతి. ఒకే మార్గాన్ని ముందే ఖాయం చేసుకుని, తర్వాత దానికి కారణాలు వెతుక్కునే ప్రభుత్వాలతో పోలిస్తే ఆ చట్టంలోని వివేకం మెచ్చుకోదగింది.

మొదట కాపలా సంగతి చూద్దాం. దీన్ని సమర్థించేవారి వాదం మొదటిసారి వింటే ఎంతో న్యాయంగా కనిపిస్తుంది. విజ్ఞానశాస్త్రం ఎదుగుతున్నది, మనకు చేతకానిది రేపటివారికి చేతనవుతుంది, కాబట్టి తొందరపడకుండా కంటికెదురుగా వుంచుకుందాం అంటారు. నెదర్లండ్స్ తన వ్యర్థాలను గట్టి భవనంలో కనీసం వందేళ్లపాటు భద్రపరచదలచింది. ఈ వాదంలో నిజం వున్నది. కంటికి కనిపించేదాన్ని బాగుచెయ్యవచ్చు, కనిపించనిదాన్ని బాగుచెయ్యలేము.

కాని కాపలా అంటే కాపలాదారు వుండాలి. కాపలాదారుకు జీతమిచ్చే రాజ్యం వుండాలి. ఆ రాజ్యానికి శాంతి వుండాలి. మన తెలుగునేలనే తీసుకోండి. మూడువందల సంవత్సరాల్లో మొగలు సుబేదారీ పోయి నిజాము వచ్చాడు, ఫ్రెంచివాళ్లు వచ్చి పోయారు, కుంఫిణీ వచ్చింది, బ్రిటిష్ రాణి వచ్చింది, స్వాతంత్ర్యం వచ్చింది, 1956లో రాష్ట్రం ఒకటయింది, 2014లో రెండయింది. ఇన్ని చేతులు మారినప్పుడు ఒక గిడ్డంగి తాళంచెవి పోకుండా వుంటుందా? 2022లో రష్యన్ సైన్యాలు చెర్నోబిల్‌నూ, జపోరిజియా కేంద్రాన్నీ ఆక్రమించినప్పుడు, వాడిన ఇంధనం నిలవవున్న చోటు యుద్ధరంగమయింది. నూరేళ్లపాటు నమ్మకంగా నడిచే ఆఫీసును ఊహించుకోవచ్చు. పదివేల ఏళ్లపాటు నడిచే ఆఫీసును ఊహించుకునేవాడు చరిత్ర చదవలేదన్నమాట.

ఇంకొక చిక్కు కూడా వున్నది. రేపటివారు తెలివైనవారు గనక వారికి వదిలేద్దామనడం, కొడుకు గడించగలడు గనక అప్పు చేసి తిందామనే తండ్రి మాట లాంటిది. విద్యుత్తు మనం వాడుకున్నాం. లాభం కంపెనీలూ, ప్రభుత్వాలూ లెక్కరాసుకున్నాయి. ఖర్చు మాత్రం రేపటివారి పద్దులో పడుతుంది. పెట్టుబడిదారీ ఆర్థికశాస్త్రం దీనికొక గణితం కూడా కనిపెట్టింది. భవిష్యత్తులో జరిగే నష్టాన్ని ఏటా ఇంత శాతం చొప్పున తగ్గించి నేటి విలువ కట్టాలంటుంది. ఏడాదికి అయిదు శాతం చొప్పున లెక్కవేస్తే, అయిదువందల ఏళ్ల తర్వాత జరగబోయే కోటి రూపాయల నష్టం విలువ నేడు ఒక పైసాలో నలభయ్యోవంతు! అంటే అయిదువందల ఏళ్ల తర్వాతి పిల్లవాడి ప్రాణం కాపాడడానికి ఇవాళ ఒక పైసా ఖర్చు పెట్టడం కూడా దండగే. ఈ లెక్కలో గణితదోషం లేదు. వున్న దోషం మనిషిని వడ్డీకి తిప్పే సరుకుగా చూడడంలో వున్నది.

రెండో పద్ధతి మార్చడం. వాడిన ఇంధనంలోంచి యురేనియాన్నీ, ప్లుటోనియాన్నీ వేరుచేసి మళ్లీ ఇంధనంగా వాడుకోవచ్చు. మిగిలిన తీవ్రమైన ద్రవాన్ని గాజుగా ఘనీభవింపజేయవచ్చు. మన దేశం ఎన్నుకున్న మార్గమిదే. తారాపూర్‌లోనూ, ట్రాంబేలోనూ, కల్పాక్కంలోనూ ఈ పని జరుగుతున్నది. మరొక అడుగు వేసి, దీర్ఘాయుష్షు గల మూలకాలను ప్రత్యేక రియాక్టర్లలో న్యూట్రాన్లతో కొట్టి అల్పాయుష్షు గలవాటిగా మార్చాలన్న పరిశోధన కూడా వున్నది. చెత్తను సంపదగా మార్చే ఈ కలను చూసి ముచ్చటపడని విజ్ఞానప్రియుడు వుండడు. అయినా దీని హద్దులు తెలుసుకోవాలి. ఎంత మార్చినా గాజుదిమ్మలు మిగులుతాయి. అన్ని మూలకాలూ మార్పుకు లొంగవు. చివరకు కొంత పాతిపెట్టక తప్పదు. పైగా వేరుచేసిన ప్లుటోనియం బాంబుకు కూడా పనికివస్తుంది.

పునఃశుద్ధి చరిత్ర ఆరంభమయింది బాంబుతోనే. అమెరికాలో హాన్‌ఫర్డ్ దగ్గర 177 భూగర్భ ట్యాంకుల్లో సుమారు 5.6 కోట్ల గ్యాలన్ల విషద్రవం మిగిలింది; ఆ ట్యాంకుల్లో చాలా వాటికి చిల్లులు పడ్డాయి. సోవియట్ యూనియన్‌లో మయాక్ దగ్గర మొదట టేచా నదిలోకే వదిలారు. 1957 సెప్టెంబరు 29న అక్కడి ట్యాంకు ఒకటి, చల్లబరిచే ఏర్పాటు చెడిపోయి, పేలింది. క్రమంగా పదివేల మందికి పైగా జనాన్ని వూళ్లు ఖాళీ చేయించారు. వారికి కారణం చెప్పలేదు. జోరెస్ మెద్వెదేవ్ అనే శాస్త్రజ్ఞుడు దేశం వెలుపల 1976లో రాసేదాకా లోకానికి తెలియలేదు. సోవియట్ ప్రభుత్వం ఒప్పుకున్నది 1989లో. అమెరికా గూఢచారి సంస్థకు ఆ సంగతి చాలా ముందే తెలిసినా నోరు మెదపలేదని 1977లో వెల్లడయిన కాగితాలు చూపించాయి. రెండు రాజ్యాలూ ప్రపంచంలో ప్రతి విషయం మీదా కొట్టుకున్నాయి. ఈ ఒక్క మౌనంలో మాత్రం ఏకమయినాయి.

ఈ సంగతిని మనవంటివారు గొంతు తగ్గించి చెప్పుకోవడం అలవాటు. అది తప్పు. లాభాపేక్ష లేని చోట కూడా, ఆయుధాల అవసరమూ రహస్యమూ కలిస్తే, టేచా ఒడ్డున పశువులు మేపుకునే రైతుకు ఒరిగేది ఏమీ వుండదు. ఉత్పత్తి సాధనాలు ఎవరి పేర వున్నాయన్నది ఎంత ముఖ్యమో, వాటి సంగతి అడిగే హక్కు జనానికి వున్నదా లేదా అన్నది అంత ముఖ్యం. మన దేశంలో కూడా 1962 నాటి అణుశక్తి చట్టం సమాచారాన్ని రహస్యంగా వుంచే అధికారాన్ని ప్రభుత్వం చేతికిచ్చింది. మన అణు పరిశ్రమ ఆ నీడలో పెరిగిందే.

ఇక మూడోది, పాతిపెట్టడం. అమెరికన్ విజ్ఞాన అకాడమీ 1957లోనే భూగర్భంలోని ఉప్పుపొరలను సూచించింది. దీని వెనక వున్న తర్కం సూటిగా వుంటుంది. మనుషుల సంస్థలు నిలకడ లేనివి, రాళ్లు నిలకడ గలవి. కనుక భారాన్ని మనుషుల మీదినుంచి తీసి రాతి మీద పెట్టాలి. ప్రకృతి కూడా దీనికొక సాక్ష్యం ఇచ్చింది. ఆఫ్రికాలో గాబన్ దేశపు ఓక్లో గనిలో సుమారు రెండువందల కోట్ల సంవత్సరాల క్రితం యురేనియం తనంత తానే రియాక్టరులా మండిందని 1972లో కనుక్కున్నారు. ఆనాడు పుట్టిన ప్లుటోనియం పుట్టినచోటు దాటి పెద్దగా కదలలేదు. మంచి రాయి దొరికితే నమ్మవచ్చునన్న మాట.

మంచి రాయి దొరికితే! జర్మనీలో ఆసె అనే పాత ఉప్పుగనిలో 1967 నుంచి 1978 దాకా సుమారు 1,26,000 పీపాలు దించారు. పరిశోధన అని పేరు పెట్టారు. పాత గని గనక చవకగా వచ్చింది. 1988 నుంచీ అందులోకి నీరు వూరుతున్నది, రోజుకు పన్నెండువేల లీటర్ల చొప్పున. వేల ఏళ్ల భద్రత అన్నది ఒక తరం కూడా నిలవలేదు. ఆ పీపాలన్నిటినీ మళ్లీ పైకి తియ్యాలని 2013లో చట్టం చెయ్యవలసివచ్చింది. అమెరికాలో న్యూమెక్సికో ఉప్పుపొరల్లో 1999లో తెరిచిన గిడ్డంగిలో, 2014 ఫిబ్రవరిలో ఒక పీపా పగిలింది. పీపాల్లో తడిని పీల్చడానికి వేసే పొడిని మట్టిరకం నుంచి ధాన్యపు పొట్టురకానికి మార్చడం కారణం. ఆ ఒక్క మార్పుకు గిడ్డంగి దాదాపు మూడేళ్లు మూతపడింది. ఈ రెండు చోట్లా రాయి మోసం చెయ్యలేదు. ఆసెలో చవకబేరం మోసం చేసింది; న్యూమెక్సికోలో నిర్లక్ష్యం మోసం చేసింది.

ఫిన్లండ్ పని వేరుగా నడిచింది. ఒల్కిలువోతో దగ్గర 400 మీటర్లకు పైగా లోతున, 190 కోట్ల ఏళ్ల నాటి రాతిలో సొరంగాలు తొలిచారు. వాడిన ఇంధనాన్ని అయిదు సెంటీమీటర్ల మందం గల రాగి డబ్బాల్లో పెట్టి, చుట్టూ నీరు తగిలితే ఉబ్బే బంకమన్ను కూరి మూసివెయ్యడం పద్ధతి. 2024లో అక్కడ పరీక్షా ప్రయోగాలు మొదలయినాయి. ఇదే పద్ధతిని ఎన్నుకున్న స్వీడన్‌లో రాగి అంతకాలం తుప్పు పట్టకుండా వుంటుందా అని శాస్త్రజ్ఞులే అడ్డుపడ్డారు. ఇంకా సాక్ష్యం కావాలని 2018లో అక్కడి కోర్టు అన్నది. ప్రభుత్వం 2022లో అనుమతి ఇచ్చింది. ఈ వివాదం వల్ల ఆ పద్ధతి గౌరవం తగ్గదు. శాస్త్రజ్ఞుడు బహిరంగంగా కాదనగలిగిన చోటనే శాస్త్రజ్ఞుడి ఔననడానికి విలువ వుంటుంది.

పాతిన తర్వాత గుర్తు పెట్టాలా, వద్దా? ఇక్కడ చర్చ మన సాహిత్య విద్యార్థుల ఆవరణలోకి వస్తుంది. పదివేల ఏళ్ల తర్వాతివాడికి ‘ఇక్కడ తవ్వకు’ అని ఏ భాషలో చెప్పాలి? థామస్ సెబియోక్ అనే భాషాశాస్త్రజ్ఞుడు 1984లో అమెరికా ప్రభుత్వానికి నివేదిక రాస్తూ ఒక వుపాయం చెప్పాడు. అణు పురోహితవర్గాన్ని ఒకదాన్ని ఏర్పరచాలట. నిజం ఆ కొద్దిమందికే తెలియాలి; తక్కిన జనాన్ని ఆ ప్రదేశానికి దూరంగా వుంచడానికి కథలూ, భయాలూ, ఆచారాలూ కల్పించి తరతరాలకూ అందించాలి. ఈ వుపాయం తెలుగువాడికి కొత్తగా వుండదు. జ్ఞానం కొందరి సొత్తు, భయం అందరి సొత్తు అన్న ఏర్పాటు కింద మనం వేల ఏళ్లు బతికాం. దాని ఫలితం చూశాం. కారణం తెలియని నిషేధాన్ని మనిషి కొంతకాలం భయంతో పాటిస్తాడు. తర్వాత తెగించి దాటుతాడు. దాటడం మంచిది కూడా. అణుయుగపు సమస్యకు అంధవిశ్వాసాన్ని మందుగా సూచించడం విజ్ఞానశాస్త్రం చేతులెత్తెయ్యడమే. తరతరాలకూ అందవలసింది భయం కాదు, చదువు. ఆ గుట్టకింద ఏమున్నదో బడిలో పిల్లలకు చెప్పే సమాజానికి పురోహితుడు అక్కర్లేదు.

ఇంతవరకూ తూచినదాన్ని బట్టి నా అభిప్రాయం ఇది. చివరి మజిలీ భూగర్భమే. అయితే పాతి, మూసి, మరిచిపోవడం కాదు. కొన్ని తరాలపాటు తలుపు తెరుచుకునే వీలుండాలి. ఫ్రాన్స్ 2006లో చేసిన చట్టం కనీసం వందేళ్లు వెనక్కి తీసుకునే అవకాశం వుండాలన్నది. అది సరయిన దృష్టి. భారాన్ని రేపటివారి మీద వెయ్యకూడదు. నిర్ణయాన్ని వారి చేతుల్లోంచి లాగెయ్యకూడదు. ఈ రెండు ధర్మాలూ ఒకదానితో ఒకటి పేచీపడతాయి. వాటిలో ఒకదాన్ని చంపి రెండోదాన్ని బతికించడం సులభం. రెండింటినీ బతికించడానికి ఎక్కువ డబ్బు ఖర్చవుతుంది. ఆ డబ్బు విద్యుత్తు అనుభవించిన తరం ఇచ్చుకోవాలి.

ఇక్కడితో ఆగితే ఇది మంచి ఇంజనీరింగు సలహా మాత్రమే అవుతుంది. అసలు ప్రశ్న మిగిలే వున్నది: మనం పుట్టనివారికి ఇచ్చే మాటను నమ్మేదెలా? పుట్టనివాడు వచ్చి సాక్ష్యం చెప్పడు. కాని వాడికి ప్రతినిధులున్నారు. ఇవాళ వుండి కూడా లేనట్టే లెక్కలోకి వచ్చే జనమే వాడి ప్రతినిధులు. గొంతు లేని వర్తమానం పట్ల ఒక సమాజం ఎలా నడుచుకుంటుందో, గొంతు లేని భవిష్యత్తు పట్ల కూడా అలాగే నడుచుకుంటుంది. దీనికి మించిన కొలబద్ద నాకు కనిపించడం లేదు.

ఈ కొలబద్ద పట్టి చూడండి. అమెరికన్ కాంగ్రెసు 1987లో, పరిశీలనలో వున్న తక్కిన స్థలాలను వదిలేసి నెవాడాలోని యుక్కా పర్వతాన్ని ఒక్కదాన్నే నిలబెట్టింది. ఆ నేల పశ్చిమ షోషోనీ ఆదివాసులది. 1863 నాటి సంధి ప్రకారం తమదేనని వారంటూనే వున్నారు. నెవాడా జనం ఒప్పుకోలేదు. పదివేల ఏళ్ల భద్రత చాలునన్న ప్రమాణాన్ని 2004లో కోర్టు కొట్టేసింది. 2008లో దాన్ని పదిలక్షల ఏళ్లకు పెంచారు. 2010లో పనే ఆగిపోయింది. పదిలక్షల ఏళ్ల తర్వాతివాడి పేర ప్రమాణం రాసుకున్న రాజ్యం, నూటయాభై ఏళ్ల కిందట తాను చేసిన సంధిని నిలుపుకోలేకపోయింది. ఫిన్లండ్‌లో ఎవురాయొకి మునిసిపాలిటీకి కాదనే హక్కు చట్టంలో వున్నది; ఆ హక్కు వుండి కూడా ఔనన్నది. కెనడాలో 2024లో ఎంపికయిన స్థలానికి పట్టణమూ, వబిగూన్ లేక్ ఒజిబ్వే ఆదివాసులూ ముందుకు వచ్చి సమ్మతి తెలిపాకనే ఎంపిక జరిగింది.

సమ్మతి అన్న మాటను తేలికగా వాడరాదు. ఆకలిగా వున్నవాడు దేనికైనా ఔనంటాడు. ఆ ఔను మీద సంతకం చేయించుకోవడం వడ్డీవ్యాపారి పని. సంగతి పూర్తిగా తెలిసి, కాదన్నందువల్ల కూడు పోదన్న ధీమా వుండి, పని ముదిరేలోగా మనసు మార్చుకునే వీలుండి చెప్పిందే సమ్మతి. తక్కినది లొంగుబాటు. మన దేశంలో 1980ల్లో కోలారు బంగారుగనుల్లో వేయి మీటర్ల లోతున, వ్యర్థాల వేడికి రాయి ఎలా స్పందిస్తుందో చూసే ప్రయోగాలు చేశారు. వ్యర్థాలను అక్కడికే తెస్తారన్న మాట 2012లో పొక్కగానే, గనులు మూతపడి అప్పటికి పదకొండేళ్లుగా పని లేక వున్న ఆ జనం వీధిన పడ్డారు. బంగారం పైకి తీసుకుపోయినప్పుడు అడగని గొయ్యి, విషం దించవలసివచ్చినప్పుడు గుర్తుకు వచ్చిందేమని వారి ప్రశ్న. అటువంటి ఆలోచన లేదని ప్రభుత్వం చెప్పుకోవలసివచ్చింది.

కోలారుకైనా ఆ మాట పొక్కింది. మాట పొక్కవలసిన అవసరం కూడా లేకుండా వ్యర్థం కళ్లెదుటే పేరుకునే చోటు ఒకటున్నది. కలమళ్ల శాసనం వున్న కడప జిల్లాలోనే, పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో, 2012 నుంచి యురేనియం తీస్తున్నారు. అక్కడి ఖనిజం నాసి. టన్ను రాతిలో యురేనియం అరకిలో కన్న తక్కువ. మిగిలినదంతా మెత్తగా నూరిన బురద. యురేనియం తీసేసినా ఖనిజంలోని రేడియోధార్మికతలో నూటికి ఎనభై అయిదు పాళ్ల వరకు బురదలోనే మిగులుతుంది. అందులోని రేడియం అర్ధాయువు 1,600 సంవత్సరాలు. థోరియం-230 అర్ధాయువు సుమారు 75,000 సంవత్సరాలు. దాన్ని నిలవచేసేది గట్టు కట్టిన చెరువులో. టెయిలింగ్ పాండ్ అంటారు. తమ బోర్ల నీరు చెడిందనీ, అరటితోటలు దెబ్బతిన్నాయనీ చుట్టుపక్కల వూళ్ల రైతులు మొరపెట్టుకున్నారు. తమ వల్ల కాదని సంస్థ అంటున్నది. ఎవరి మాట నిజమో తేల్చే పరికరాలు ఆ రైతుల చేతిలో లేవు. వారి పొలాల నీటిని పరీక్షించి చెప్పవలసింది కూడా ప్రభుత్వ సంస్థలే.

దీర్ఘకాల వ్యర్థాలంటే వాడిన ఇంధనాన్ని గురించే ఆలోచిస్తాం. దానికి రాగి డబ్బా, నూరు తరాల చర్చ, పదిలక్షల ఏళ్ల ప్రమాణం. గని ఒడ్డున మిగిలే బురదకు మట్టిగట్టు. తీవ్రతలో రెండూ సమానం కావని తెలుసు. ఇంధనం అనేక రెట్లు ప్రమాదకరమైనదే. కాని ఆయుర్దాయంలో ఈ బురద తక్కువది కాదు. గట్టుకూ రాగి డబ్బాకూ మధ్య వున్న దూరాన్ని తీవ్రత ఒక్కటే నిర్ణయించలేదు. పట్నానికీ పల్లెకూ, విద్యుత్తు వాడేవాడికీ గని పక్కన బతికేవాడికీ మధ్య వున్న దూరం కూడా నిర్ణయించింది. నల్లమలలో యురేనియం వెతుకుతామన్నప్పుడు చెంచులతో పట్నాల విద్యావంతులూ, సినిమావారూ గొంతు కలిపారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానించింది. మంచిదే. తుమ్మలపల్లెలో పులులు లేవు, అడవి లేదు; వున్నది అరటిరైతు. వాడి కోసం ఎన్ని గొంతులు కలిశాయి?

అయితే అన్నిచోట్లా వద్దనడమే అభ్యుదయమా? కాదు. పుట్టిన చెత్త ఎక్కడో ఒకచోట వుండక తప్పదు. మన వూళ్లో వద్దని మాత్రమే అనేవాడు మరొక బలహీనుడి వూరికి దారి చూపిస్తున్నాడు. మనం అడగవలసింది పద్ధతి. గని బురదకు కూడా తరాల లెక్కన ప్రమాణం వుండాలి. పరీక్షల ఫలితాలు తెలుగులో, ఆ వూళ్ల పంచాయతీ గోడ మీద వుండాలి. పరీక్షించే హక్కు స్వతంత్ర శాస్త్రజ్ఞులకు వుండాలి. కాదనే హక్కు గ్రామసభకు వుండాలి. శుద్ధికయ్యే ఖర్చు విద్యుత్తు ధరలోనే కలిసివుండాలి. అప్పుడు ఆ విద్యుత్తు నిజంగా చవకో కాదో తేలుతుంది.

ఒక దేశం గాని, ఒక తరం గాని భూమికి యజమాని కాదనీ, అనుభవించి తర్వాతివారికి మెరుగుపరిచి అప్పగించవలసిన వారసులు మాత్రమేననీ మార్క్సు ‘పెట్టుబడి’ మూడో సంపుటంలో వాదించాడు. ఆ మాట రాసిననాటికి రేడియోధార్మికత అనేది ఒకటున్నదని ఎవరికీ తెలియదు. అణుయుగం ఆ వాదాన్ని పాతబడనివ్వలేదు సరికదా, దానికి సంవత్సరాల లెక్కన కొలత ఇచ్చింది. మెరుగుపరచడం మాట అటుంచి, చెడగొట్టినదాన్ని చెడగొట్టామని చెప్పి అప్పగించడమైనా మన చేతిలో వున్నది.

మన కాలేజీల్లో భౌతికశాస్త్రం చెప్పేవారు ఈ అంకెలు చెబుతారు, మనుషుల సంగతి చెప్పరు. తెలుగు చెప్పేవారం మనుషుల సంగతి చెబుతాం, అంకెల జోలికి పోము. ఈ పంపకం వల్ల లాభపడేది మూడోవాడు. రాగి డబ్బా ఎంత మందమో తెలిసిన విద్యార్థి తుమ్మలపల్లె చెరువుగట్టు ఎంత మందమో కూడా అడగాలి. ఆ ప్రశ్నకు ఇవాళ్టి రైతుకు జవాబు దొరికిన నాడు, పదివేల ఏళ్ల తర్వాతివాడికి మనమిచ్చే హామీని నమ్మడానికి ఒక ఆధారం ఏర్పడుతుంది. అంతవరకూ ఆ హామీ వట్టి కాగితం.